మూత పెట్టిన గిన్నె

గిన్నె మీద మూత పెట్టింది నేనే. ఎవరడిగినా అదే చెప్పాను. స్టీలు గిన్నె, స్టీలు మూత, లోపల గోరువెచ్చని నీళ్లలో లుపిన్ గింజలు. పొయ్యి పక్కన, గోడవైపుకు జరిపి పెట్టాను. గరాజ్‌లో పెట్టాల్సింది కదా అని తర్వాత చర్చి వాళ్లంతా అన్నారు. మార్చి నెలలో మేముండే ఎడిసన్‌లో గరాజ్ ఎంత చల్లగా ఉంటుందో అన్నవాళ్లకు తెలియదు. కారెక్కడానికి తప్ప వాళ్లు గరాజ్‌లోకి వెళ్లరు. చల్లటి నీళ్లలో ఆ గింజ ఉబ్బదు. ఉబ్బని గింజ మొలవదు.

లుపిన్ అంటే పూలమొక్క. నేలలోంచి నిటారుగా కంకి వేసి, కింది నుంచి పైకి పూసుకుంటూ పోతుంది. ఊదా, గులాబీ, తెలుపు. చలికాలం మంచు కింద ఆనవాలు లేకుండా పోయి, ఏప్రిల్‌లో మళ్లీ అదే చోట లేస్తుంది. అలా ఏటా తిరిగి లేచే పూలమొక్కల్ని గింజ నుంచి పెంచడం నా పని. నా భార్య దీనమ్మకు నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనక అమెరికా వచ్చాను. మొక్కలు పెంచి అమ్మే కంపెనీలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. మా ఊరి బడిలో నేర్చుకున్నది ఇక్కడ దేనికీ పనికిరాలేదు. కందుకూరు దగ్గర మా నాన్న పొగాకు నారుమళ్లలో నేర్చుకున్నది పనికొచ్చింది.

మేముండే ఇల్లు నా కూతురు అబిగేల్‌ది, అల్లుడు జూడ్‌ది. ఇంటి వెనక మేపుల్ చెట్ల కింద నుంచి కంచెదాకా నేల వాలుగా దిగుతుంది. గడ్డి కూడా సరిగ్గా పట్టదు. దీనమ్మ వంటింటి కిటికీలోంచి దాన్ని చూసి, "ఊళ్లో వాళ్లందరికీ పూలు పెంచావు. నాకేమో ఈ బోడి వాలు" అనేది. పోయిన ఏడు ఆకులు రాలే కాలంలో ఆ వాలంతా తవ్వాను. రాళ్లు ఏరాను. ఆకుల ఎరువు కలిపాను. చలి తగ్గాక గింజలు వేద్దామనుకున్నాం. చలి తగ్గక ముందే ఆమె పోయింది.

అది కూడా చెప్పి ముందుకు పోతాను. నవంబరులో మా అక్క చనిపోతే ఊరు వెళ్లాను. నేను అక్కడుండగా దీనమ్మ ఈ వంటింట్లోనే పడిపోయింది. నాకు టికెట్ దొరికి, దోహాలో విమానం ఆగిపోయి, ఇక్కడ దిగేసరికి ఆదివారమైంది. శనివారమే మట్టి చేసేశారు. శనివారమైతే అందరికీ సెలవు. హాలు దొరికింది. పాస్టరుగారికి కుదిరింది. దూరం నుంచి వచ్చినవాళ్లకు తిరుగు ఫ్లైట్లున్నాయి. అలా నిర్ణయించింది జూడ్. ఎయిర్‌పోర్టుకు వచ్చింది కూడా అతనే. కారెక్కాక, "సర్వీస్ చాలా బాగా జరిగింది మామయ్యా" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను అతనితో మాట్లాడలేదు.

ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడకుండా ఉండటం కష్టమనుకుంటారు. ఏం కష్టం కాదు. మధ్యలో ఒక మనిషుంటే చాలు.

"అబీ, మీ ఆయన్ని కారు పక్కకు తీయమను. మట్టి బస్తాలొస్తున్నాయి."

"నాన్నా, ఆయన నీ ఎదురుగానే కూర్చున్నాడు."

"నాకు చూపుంది."

"తీస్తా మామయ్యా," అని జూడ్ తాళాలు తీసుకుని లేచేవాడు. గుంటూరు పిల్లాడు. మనిషి మెత్తన. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఎవరేమన్నా నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ చలికాలంలోనే అతనికి కిడ్నీలో రాళ్లొచ్చాయి. ఉలవలు నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు తాగిస్తే రాళ్లు కరుగుతాయని చర్చిలో సుధ అనే ఆవిడ అబీకి చెప్పింది. మా వైపు ఆ మాట అందరూ చెప్పేదే. అబీ మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్లి ఉలవల ప్యాకెట్ తెచ్చింది. చిన్నప్పుడే ఇక్కడికొచ్చిన పిల్ల. ఉలవలంటే ఆమెకు ప్యాకెట్ మీద పేరే. రాత్రి నానబెట్టి, పొద్దున్నే కుక్కర్‌లో పెట్టి, వడకట్టి, థర్మోస్‌లో పోసి అతని చేతికిచ్చేది. న్యూయార్క్ వెళ్లే ట్రైన్‌లో తాగేవాడు.

"గుర్రాల దాణా తాగిస్తోంది మామయ్యా మీ అమ్మాయి," అన్నాడొక రోజు భోజనాల దగ్గర, నేను నవ్వుతానేమోనని.

"గుర్రం పని చేస్తుంది అబీ," అన్నాను కంచంలోకి చూస్తూ.

అబీ చెంచా కింద పెట్టి లేచి వెళ్లిపోయింది. అతను దానికీ నవ్వాడు.

లుపిన్ గింజకు పైపొర గట్టిది. అలాగే మట్టిలో వేస్తే నెలల తరబడి రాయిలా పడుంటుంది. గరుకు కాగితం మీద రుద్ది, పొర గీరుకున్నాక నానబెట్టాలి. తెల్లారేసరికి ఉబ్బినవి మట్టిలోకి, ఉబ్బనివి మళ్లీ గరుకు కాగితం మీదికి. వాలు మొత్తానికి కావాలి కాబట్టి దోసెడు గింజలు రుద్దాను. వేళ్ల మీద తోలు లేచిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఈస్టర్ పాటల ప్రాక్టీసుకు చర్చికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కణ్ణే. గింజలు గిన్నెలో పోసి, నీళ్లు పోసి, మూత పెట్టి, కింద బేస్‌మెంట్‌లో నా గదికి దిగి పడుకున్నాను.

నానిన లుపిన్ గింజ నానిన ఉలవలాగే ఉంటుంది. అదే రంగు, ఇంచుమించు అంతే సైజు. తెలియదా అంటే తెలుసు. మా ఊళ్లో ఉలవ చేల గట్ల మీదే తిరిగాను. కానీ ఆ సాయంత్రం నా తలలో ఉలవలనే మాటే లేదు. గిన్నెలో ఉన్నది దీనమ్మ వాలు. అంతే.

పొద్దున్నే బయటికెళ్లాను. ప్రిమ్‌రోజ్ పూల గింజలు చల్లిన కుండీలు ఉత్తరం గోడవారన మంచులో ఉన్నాయి. కొన్ని గింజలు చలి తగలందే మొలవవు. మంచు కరిగి కుండీల అంచులు బయటపడ్డాయి. ఒరిగిపోయినవాటిని సరిచేసి, చేతులు పంట్లాముకు తుడుచుకుంటూ లోపలికొచ్చాను.

సింక్ పక్కన నా గిన్నె కడిగి బోర్లించి ఉంది. దాని పక్కన మూత. పొయ్యి మీద కుక్కర్. వంటిల్లంతా ఏదో పసరు వాసన.

అబీ ఇంటి నుంచే పని చేస్తుంది. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకునే గదిలోంచి వచ్చి, అది తీసి మెడకు వేసుకుని, నన్ను వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. పెళ్లయ్యాక అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

"థాంక్స్ నాన్నా."

"దేనికి?"

"యాక్టింగ్ చేయకు. రాత్రి చర్చి నుంచి లేటుగా వచ్చి నేను నానబెట్టడం మర్చిపోయా. పొద్దున చూసి నేనైతే ఏడ్చేశాను తెలుసా. జూడ్‌కి చెప్తే ఫస్ట్ నమ్మలేదు. మామయ్యే నానబెట్టారా, నిజంగానా అని మళ్లీ మళ్లీ అడిగాడు."

"ఏం నానబెట్టాను?"

"ఉలవలు."

నేను కుక్కర్ మూత తీసి చూశాను. ఖాళీ.

"గింజలెక్కడ?"

"పారేశా. గుగ్గిళ్లు చేద్దామని ఒకటి నోట్లో వేసుకున్నా, ఛీ, ఎంత చేదో! ఊసేశా. పాత స్టాకా నాన్నా?"

"నీళ్లు?"

"నీళ్లు థర్మోస్‌లో పోసిచ్చా. మెడిసిన్ కదా, చేదుంటే ఏం."

"ఫోన్ చెయ్యి."

"ఎవరికి?"

"అతనికి."

"అతనికి ఒక పేరుంది నాన్నా," అంది నవ్వుతూ. ఆ పొద్దున ఆమెకు నన్ను ఆటపట్టించాలని ఉంది. నాలుగు నెలల తర్వాత ఇల్లు ఇల్లయిందనుకుంటోంది.

"జూడ్‌కి చెయ్యి! తాగొద్దను! అవి ఉలవలు కావు, విషం!"

దోహా నుంచి దిగిన రోజు తర్వాత ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అబీకి ముందు ఆ పేరే వినిపించినట్టుంది. నవ్వు ఇంకాస్త పెద్దదయింది. తర్వాత మిగతా మాటలు లోపలికి వెళ్లాయి. ఆ నవ్వు పోవడం నేను చూశాను. మొహం మీద నుంచి ఒక్కసారిగా పోలేదు. పెదాల మీద కాసేపు అలాగే ఉండిపోయింది, కళ్లలో లేకుండా.

ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఈ ఫోన్ ఉన్నతను ట్రైన్‌లో నా పక్కన కూర్చున్నాడు, కళ్లు కనపడటం లేదంటున్నాడు, లేచి నిలబడలేకపోతున్నాడు, న్యూఆర్క్ స్టేషన్‌లో దింపుతున్నారు, అంబులెన్స్ వస్తోంది అని చెప్పింది. ఆమె మాటల వెనక అతని గొంతు. "నీళ్లు... నీళ్లు..." అంటున్నాడు తెలుగులో. పక్కనున్న వాళ్లెవరికీ అర్థం కాలేదు.

"వాటర్!" అని అరిచింది అబీ ఫోన్‌లోకి. "హి ఈజ్ ఆస్కింగ్ ఫర్ వాటర్!"

గరాజ్‌లో బల్ల మీదున్న గింజల ప్యాకెట్ తీసుకుని కారెక్కాను. అడుగున ఇంకా కొన్ని గింజలున్నాయి. దారిలో అబీ విషాలకు సలహా చెప్పే నంబరుకు ఫోన్ చేసింది. వాళ్లు మొక్క పేరడిగారు. ప్యాకెట్ మీదున్న పేరు ఒక్కొక్క అక్షరమే చదివి చెప్పాను. ఎంత తాగాడన్నారు. థర్మోస్ నిండా అంది అబీ. ఎంత బరువుంటాడన్నారు. చెప్పింది. ఆసుపత్రికి మేం చెబుతాం, మీరు జాగ్రత్తగా డ్రైవ్ చేయండని పెట్టేశారు.

నా ఒళ్లో ప్యాకెట్. దాని మీద ఊదారంగు కంకుల బొమ్మ.

"నాన్నా."

"ఊ."

"ఒకటి అడుగుతా."

"అడుగు."

"ఇంట్లో ఉలవ నీళ్లు తాగేది ఎవరో నీకు తెలుసు. నీ కళ్ల ముందే కదా రోజూ ఉడికిస్తున్నా. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయని కూడా నీకు తెలుసు."

"మూత పెట్టాను."

"మూత గురించి అడగట్లేదు." రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నిజం చెప్పు. తెలిసే పెట్టావా?"

పక్కనుంచి ఒక లారీ దాటిపోయింది. చాలా పొడుగు లారీ. అది పూర్తిగా దాటేదాకా దాన్నే చూశాను.

ఈ పిల్లకు జ్వరమొస్తే దీనమ్మ నైట్ డ్యూటీలో ఉండగా నేను భుజాన వేసుకుని గదిలో తిరిగేవాణ్ణి. ఆ మనిషినే అడుగుతోంది. కోపంగా అడిగినా బాగుండేది. కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. అంటే ఆ ఆలోచన ఆమె లోపల ఎక్కడో కూర్చునే ఉంది. ఇవాళ లేచి నిలబడింది.

జూడ్ చావాలని నేనెప్పుడూ అనుకోలేదు. బతికుండి నా మౌనం మొయ్యాలనుకున్నాను. ఆ మాట చెప్పొచ్చు. చెబితే అది సంజాయిషీ అవుతుంది. కన్నకూతురికి నేను హంతకుణ్ణి కానని సంజాయిషీ ఇచ్చుకోవాలా?

"నాన్నా, సే సంథింగ్."

"రోడ్డు చూడు," అన్నాను.

ఆసుపత్రిలో అతన్ని తెరలు కట్టిన ఒక మంచం మీద పడుకోబెట్టారు. ఛాతీ మీద వైర్లు. గుండె కొట్టుకోవడం తిన్నగా లేదని, రేపటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టరు అబీతో అన్నాడు. ఆమెను ఏవో సంతకాలకు పిలుచుకుపోయారు. ప్యాకెట్ ఎవరికివ్వాలో తెలియక నేను తెర పక్కన నిలబడ్డాను. లోపల నర్సు ఉంది. తెర సందులోంచి అతని మొహం కనిపించింది. కంట్లో నల్లగుడ్డు మొత్తం విచ్చుకుని, కళ్లు రెండు గుంటల్లా ఉన్నాయి. నేరుగా నావైపే చూశాడు. అతనికి నేను కనపడలేదు.

వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషులో. ఆ మాత్రం నాకు అర్థమవుతుంది.

"చాలా చేదుగా ఉండి ఉంటుంది కదా. మొత్తం ఎలా తాగారు?" అంది నర్సు.

"మా మామగారు నా కోసం నానబెట్టారు." నాలుక ఎండిపోయి మాట ముద్దగా వస్తోంది. "మొదటిసారి. సగం వదిలేసి ఇంటికి తిరిగి తీసుకెళ్తే ఆయన చూస్తారు కదా."

"మీ ఇంట్లో ఎవరితోనైనా గొడవలున్నాయా? ఎవరి వల్లయినా భయముందా? ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. చెప్పొచ్చు."

"లేవు."

"మామగారితో?"

"ఆయన మంచివారు," అన్నాడు జూడ్. "తక్కువ మాట్లాడతారు, అంతే."

నర్సు తెర తీసుకుని బయటికొచ్చి నన్ను చూసి ఆగిపోయింది. నేను ప్యాకెట్ ఆమె చేతిలో పెట్టి, కారిడార్ చివరిదాకా నడిచి, గోడకు ఆనుకున్నాను. నా కూతురు అడిగింది. ఇతను అడగలేదు. ఆ రెండు ముక్కల్నీ ఎటు తిప్పి పెట్టినా ఒకదాని పక్కన ఒకటి కుదరడం లేదు.

జూడ్ బతికాడు. గుండె సర్దుకుంది. చూపు మాత్రం వారం పైగా మసకగానే ఉంది. ఇంటికొచ్చాక కూడా లోపల నల్లద్దాలు పెట్టుకుని గోడలు తడుముకుంటూ తిరిగాడు.

ఈలోగా చర్చి మొత్తానికి తెలిసిపోయింది. సుధ వచ్చింది, బిర్యానీ డబ్బా పట్టుకుని.

"అన్నయ్యా, మీరు ప్రార్థన చేసుకోండి," అంది వెళ్తూ వెళ్తూ నాతో.

"దేనికి?"

"అంటే... మనసులో ఏముందో ప్రభువుకు తెలుసు కదా."

"ఆయనకు తెలిస్తే చాలు. నువ్వు డబ్బా తీసుకెళ్లు."

అబీ నా గది గుమ్మం దగ్గర నిలబడి సారీ చెప్పింది. ఒకసారి కాదు.

"ప్యానిక్‌లో అడిగా నాన్నా. నాకేం తెలుస్తోంది అప్పుడు?"

"భయంలోనే ఉన్నమాట బయటికొస్తుంది."

"నువ్వు నాలుగు నెలలు ఆయన మొహం చూడలేదు. నేనేం అనుకోవాలి?"

నేను సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టాను. ఆమె దాన్ని చూసి పైకి వెళ్లిపోయింది.

నా తమ్ముడు లెవి టెక్సస్‌లో, కాపెల్‌లో ఉంటాడు. ఫోన్ చేశాడు.

"వచ్చెయ్ అన్నయ్యా. ఇక్కడ ఇప్పుడు హైవే పక్కనంతా నీ లుపిన్లే. జనం కార్లాపి పిల్లల్ని అందులో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తున్నారు."

"అవి ఒక్క ఏడాది మొక్కలు. పూసి చచ్చిపోతాయి."

"నువ్వు రా ముందు. మొక్క ఎన్నేళ్లుంటే ఏంటి?"

"టికెట్ తీయి," అన్నాను.

వెళ్లేముందు రోజు మధ్యాహ్నం గరాజ్‌లో నా బల్ల సర్దుతున్నాను. ట్రేలు కడిగి ఒకదాంట్లో ఒకటి పెట్టాను. ప్రిమ్‌రోజ్ కుండీల్లో మొలకలొచ్చాయి. వాటిని ఎవరికిద్దామా అని చూస్తున్నాను. తలుపు తెరుచుకుంది. జూడ్. నల్లద్దాలు తీసి నుదుటి మీదికి తోసుకున్నాడు. ఒక చేయి బల్ల అంచు వెతుక్కుంది. రెండో చేతిలో ప్యాకెట్. ఊదారంగు కంకుల బొమ్మ.

"మామయ్యా, హాస్పిటల్లో నా బట్టలతో పాటు ఇది కూడా ఇచ్చారు. ఇంకా కొన్నున్నాయి ఇందులో."

అతను ప్యాకెట్ అరచేతిలోకి వంచాడు. గింజల్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో కదుపుతూ చూశాడు.

"నిజంగానే ఉలవల్లా ఉన్నాయి," అన్నాడు. "అబీ పారేయమంది. నేను పారేయలేదు. వాలంతా రాకపోయినా కిటికీకి ఎదురుగా కొంత మేర వస్తాయేమో కదా? అత్తయ్య కనపడినప్పుడల్లా నాక్కూడా చెప్పేది. మీ మామయ్య నాకు పూలు బాకీ అని."

బయట ఎవరిదో గడ్డి కోసే మిషన్ మోగుతోంది.

"ఆదివారం దాకా ఆగాల్సింది మామయ్యా," అన్నాడు. "అందరూ శనివారమన్నారు. నేను ఆగాల్సింది."

కారణాలు చెప్పలేదు. హాలు గురించి గానీ ఫ్లైట్ల గురించి గానీ ఎత్తలేదు. సర్వీస్ బాగా జరిగిందనలేదు. అరచేయి అలాగే చాపి నిలబడ్డాడు. ఆ చేతికి చెమట పట్టి, గింజలు చర్మానికి అంటుకుంటున్నాయి.

"చేతులు కడుక్కో," అన్నాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు, అబీ వచ్చిందేమోనని. వెనక ఎవరూ లేరు.

"సబ్బుతో," అన్నాను.

నేను క్షమించానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల పొరపాటు. ఆ శనివారం శనివారమే. అది ఆదివారం కాదు. కానీ గింజలు రుద్దాలి, నా వేళ్లు మానలేదు. చేతులు కడుక్కుని, చేతులకు తొడుగులేసుకుని, అతనే రుద్దాడు. ఎక్కువ రుద్దితే లోపలి పప్పు పోతుందని చెప్పాను. చూపు ఆనక వేళ్లతో తడిమి చూసుకుంటూ రుద్దాడు. నానబెట్టడానికి గిన్నె తీస్తే, ఆ స్టీలు గిన్నెకు చుట్టూ తెల్ల టేపు అంటించి, దాని మీద లావు అక్షరాలతో "తాగొద్దు" అని రాశాడు.

"నాకే కనపడాలి కదా మామయ్యా," అన్నాడు. నవ్వాడు. ఈసారి నాకు ఒళ్లు మండలేదు. నవ్వు కూడా రాలేదు.

లెవికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను.

మే నెలాఖరుకు నారు తయారైంది. అరచేయి విప్పినట్టుండే ఆకులు. లుపిన్ వేరు నిలువుగా కిందికి దిగుతుంది. తీసి నాటేటప్పుడు తెగితే మొక్క దక్కదు. అందుకే కాగితపు కుండీల్లో వేసి, కుండీతో సహా పాతిపెట్టాలి. జూడ్ గుంతలు తీస్తున్నాడు, నేను కుండీలు దించుతున్నాను. వంటింటి కిటికీకి ఎదురుగా, మేపుల్ నీడ చివర, ఒక వరస అయ్యింది. రెండో వరసలో ఉన్నాం.

అబీ నీళ్ల డబ్బా పట్టుకుని వచ్చింది. మొదటి వరసకు నీళ్లు పోసుకుంటూ మా దగ్గరికొచ్చి ఆగింది.

ఇంటి ముందు ఆమె కారుంది. ఆకుల ఎరువు లారీ వచ్చే వేళయింది.

"జూడ్," అన్నాను, "మీ ఆవిణ్ణి కారు పక్కకు తీయమను. ఎరువొస్తోంది."

అతను చేతిలో పార ఆపాడు. నన్ను చూశాడు. అబీని చూశాడు.

"మామయ్యా, తను మీ ఎదురుగానే ఉంది."

"నాకు చూపుంది."

నీళ్ల డబ్బాలోంచి నీళ్లు ఆమె చెప్పుల మీద పడుతున్నాయి. చూసుకోలేదు.

"ఎన్నాళ్లు నాన్నా?" అంది.

నేను కుండీ చుట్టూ మట్టి అదిమాను. ఎక్కువ అదిమితే నీరు దిగదు. తక్కువ అదిమితే వేరు పట్టదు.

"ఇవి ఎప్పుడు పూస్తాయి మామయ్యా?" అని అడిగాడు జూడ్, మాట మార్చడానికి.

"మొదటి ఏడు ఆకులే. పూలు పై ఏడు."

అబీ డబ్బా కింద పెట్టి, ఇంటి పక్క నుంచి ముందుకు నడిచింది. కారు తలుపు పడిన చప్పుడైంది. తర్వాత ఇంజన్ స్టార్టయింది. స్టార్టయి అక్కడే మోగుతూ ఉండిపోయింది. కదల్లేదు.

జూడ్ నా మొహంలోకి చూస్తున్నాడు. నేను చేయి చాపి ఇంకో కుండీ అందుకున్నాను. ఆ వరస అయ్యేదాకా లేవలేదు.